నడకతో తగ్గలేదు
(ఒడిశాలోని బ్రహ్మపురంలో ఉగాది సభలో ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న నా పాత విద్యార్థులకు, వాళ్ల పిల్లలకు, వెనక వంటశాలలో బూరెలు వేస్తున్న తల్లులకు నమస్కారం. ఆ వాసన ఇక్కడిదాకా వస్తోంది కాబట్టి ఎక్కువసేపు మాట్లాడను. మాట తప్పితే కార్యదర్శి గారు గంట కొడతారట. ముప్పై నాలుగేళ్లు బడిలో నేను కొట్టించిన గంట ఈ రోజు నా మీదికే వచ్చింది.

నాకిచ్చిన అంశం 'నడకతో ఆరోగ్యం'. దాని మీద నేను మాట్లాడను. ఎందుకు మాట్లాడనో చెప్పడానికే వచ్చాను.

నిరుడు ఇదే వేదిక మీద నాకు శాలువా కప్పారు. 44 కిలోలు తగ్గానని, అంతా తెల్లవారుజాము నడక మహిమేనని అధ్యక్షుల వారు పొగిడారు. నేను తల వంచుకుని విన్నాను. పైగా మైకు అందుకుని 'సంకల్పం ఉంటే చాలు' అన్నాను. అది అబద్ధం. నేను తగ్గింది ఆపరేషన్‌తో. 2021 నవంబరులో విశాఖపట్నంలో నా జీర్ణాశయంలో ముప్పాతిక భాగం పైగా కోసి తీసేశారు.

కూర్చోండి నాయనా, కూర్చోండి. ఇంకా ఉంది.

నా లావు సంగతి ఈ ఊరికి కొత్త కాదు. ఒడియా పిల్లలు మోటా సార్ అనేవాళ్లు, తెలుగు పిల్లలు గుమ్మడి మాస్టారు అనేవాళ్లు. మన ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో అందరూ వేషాలు కడతారు. నాకు ఆ ఖర్చు లేదని నేనే ముందుగా జోకు వేసేవాణ్ణి. ఎదుటివాళ్లు వేసేలోపు మనమే వేసుకోవడం లావుపాటివాళ్లకు చిన్నప్పుడే అబ్బే విద్య. ఇక తిండి అంటారా, 1936లో మన గంజాం జిల్లా ఒడిశాలో కలిసిన దగ్గర్నుంచీ మనకు రెండు క్యాలెండర్ల పండుగలు. ఉగాది బూరెలు మనవే, ఒడియావాళ్ల రజ పండుగకు పక్కింటివాళ్లు కాల్చే పిండివంట పోడపిఠా కూడా మనదే. నేను ఏ ప్రభుత్వానికీ అన్యాయం చేయలేదు.

నవ్వారు, సంతోషం. ఇప్పుడు నవ్వురానిది చెబుతాను. ఇంట్లో కాటా 120 దాటితే అంకె చూపించదు. డాక్టరు బరువు ఎంతో చెప్పమంటే, అప్పడాల పిండి బస్తాలు తూచే గోదాముకు వెళ్లాను. హమాలీ నన్ను నిలబెట్టి, ముల్లు చూసి, పైకి చదవకుండా చీటీ మీద రాసి మడిచి నా చేతిలో పెట్టాడు. 128. అంత మర్యాద అంతవరకూ నాకు ఎవరూ చేయలేదు.

నా ఎత్తు 165 సెంటీమీటర్లు. ఎత్తుకు బరువు ఎంత ఎక్కువో చెప్పే అంకె, బీఎంఐ, 47 అన్నారు. మధుమేహం పద్నాలుగేళ్లది. రాత్రి నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాణ్ణి. మా ఆవిడ నా ఊపిరి లెక్కపెడుతూ తెల్లవార్లూ మేలుకునేది. ఆ సంగతి ఆపరేషన్ అయ్యాకగానీ నాకు చెప్పలేదు. అంతకుముందు నేను నడవలేదా? నడిచాను. ఏడుసార్లు పదేసి కిలోలు తగ్గాను, ఏడుసార్లూ వడ్డీతో తిరిగొచ్చాయి. బరువు తగ్గితే శరీరం ఆకలిని పెంచి మళ్లీ పాత బరువుకే లాగుతుందట. అది విన్నప్పుడు నలభై ఏళ్ల సిగ్గు సగం దిగింది.

ఆపరేషన్‌కు రెండు వారాల ముందునుంచీ ద్రవాలే. కాలేయంలో కొవ్వు తగ్గితేనే దాన్ని పైకెత్తి కింద ఉన్న జీర్ణాశయాన్ని అందుకోగలరు. పొట్టమీద ఐదు చిన్న రంధ్రాలు, లోపల గ్యాసు నింపడం, లోపలే స్టేపుల్స్‌తో కుట్టుకుంటూ కోయడం. సంచిలా ఉన్నది అరటిపండంత గొట్టమవుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యే పైభాగం పోతుంది కాబట్టి, మొదటి నెలల్లో ఆకలి అనే మాటే మరిచిపోయాను.

తిరిగొచ్చాక మా ఆవిడ అటకమీంచి మనవడి ఉగ్గుగిన్నె దించింది. చింతపండుతో తోమి, గీత గీసి, మజ్జిగ తేట ఆ గీతదాకా పోసింది. నోట్లో పోసుకోవడం, పావుగంట ఆగడం, మళ్లీ ఒక గుక్క. అరవై రెండేళ్ల మనిషిని, ఉగ్గుగిన్నెతో! నెలన్నర గడిచాక ఒక పెళ్లిలో మొహమాటానికి పులిహోర రెండు ముద్దలు గబగబా తిన్నాను. నురగ కక్కుతూ పెరట్లో అరగంట కూర్చున్నాను. వడ్డించినాయన 'అయ్యో, సరిగ్గా కుదరలేదా?' అని బాధపడ్డాడు. ఆయనకూ నిజం చెప్పలేదు.

అసలు అబద్ధం ఏమిటంటే, ఊళ్లో అందరికీ పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ అని చెప్పాం. వేగంగా బరువు తగ్గేవాళ్లకు ఆ రాళ్లు వస్తూ ఉంటాయి. పది నెలలకు నాకు నిజంగానే వచ్చాయి! మళ్లీ ఆపరేషన్. ఇప్పుడేం చెప్పాలి? హెర్నియా అన్నాం. జుట్టు ఊడితే నూనె మార్చాం అన్నాం. బీమా సంస్థ కథ మాత్రం ఎవరికీ చెప్పుకోలేకపోయాను. అందం కోసం చేయించుకున్నాడని నా దరఖాస్తు మొదట తిప్పి పంపారు. బీఎంఐ 40 దాటితే కొన్ని షరతులతో ఇవ్వాలని నిబంధనల్లోనే ఉంది. 128 కిలోల మనిషికి అందం పిచ్చి అట! ఆ కథ ఎత్తుకుంటే బూరెలు చల్లారతాయి.

గంట కొట్టారు. విన్నాను. అసలు మాట ఇంకా చెప్పలేదు.

నిరుడు నా శాలువా చూసిన ఒక అమ్మాయి, నా దగ్గర చదువుకున్న పిల్ల, ఇద్దరు బిడ్డల తల్లి, గంజి తాగి నడక మొదలుపెట్టింది. ఆరు కిలోలు తగ్గింది, తొమ్మిది పెరిగింది. మధ్యలో ఒకనాడు బజారులో కళ్లు తిరిగి పడిపోయింది. మా ఇంటికొచ్చి అరుగుమీద కూర్చుని, 'నాకు సంకల్పం లేదు మాస్టారూ' అని ఏడ్చింది. నా పాఠమే నాకు అప్పజెప్పింది. అప్పుడూ నేను నోరు విప్పలేదు. 'ఇంకాస్త గట్టిగా ప్రయత్నించమ్మా' అన్నాను.

ఆ అమ్మాయి ఈ హాల్లోనే ఉంది. ఎవరని తలలు తిప్పకండి. అమ్మా, నువ్వు కోయించుకోవాలని నేను అనడం లేదు. అది నీ డాక్టరు తేల్చాలి. కోయించుకుంటే నాలాగే నువ్వూ జీవితాంతం బీ12, ఐరన్, కాల్షియం మాత్రలు మింగాలేమో, నాకిప్పుడు మెల్లగా నాలుగు కిలోలు తిరిగొచ్చినట్టు నీకూ రావచ్చు. అవన్నీ నా ఫైలులో ఉన్నాయి. అదిగో, కుర్చీ కింద ఆకుపచ్చ సంచి. భోజనాలయ్యాక మా ఆవిడ పక్కన కూర్చో. నాకంటే ఆవిడ నిజం చెబుతుంది.

వడ్డన మొదలైందంటున్నారు. నా విస్తట్లో ముందు పప్పు వెయ్యండి, గారె సగం చాలు. మంచినీళ్ల గ్లాసు పెట్టకండి, అరగంట ఆగి నేనే అడుగుతాను.