సేల్స్ వీడియో మెసేజ్: పేరు పిలిస్తే సరిపోదు

[తెర మీద: మారతహళ్లిలో ఒక పీజీ గది. టేబుల్ మీద ల్యాప్‌టాప్. బయట హారన్ల మోత.]

నమస్తే. బెంగళూరులో ఎస్‌డీఆర్, బీడీఆర్ ఉద్యోగాలు, అంటే కంపెనీకి కొత్త కస్టమర్లని వెతికే సేల్స్ ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ల కోసం ఈ వీడియో. మెయిళ్లకి జవాబు రావట్లేదని మేనేజర్ "వీడియో మెసేజ్ పంపి చూడు" అంటాడు. మీరు కెమెరా ముందు కూర్చుని "హాయ్ సర్, మా కంపెనీ..." అని మొదలెడతారు. అవతలి మనిషి అక్కడికే ఆపేస్తాడు.

పేరు పెట్టి పిలిచినంత మాత్రాన అది ఆయన కోసం చేసిన వీడియో అయిపోదు. మొదటి ఐదు సెకన్లలో ఆయన వ్యాపారం సంగతి ఏదో ఒకటి కనపడాలి.

మీరు కొటేషన్ల సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నారనుకోండి. పీణ్య పారిశ్రామికవాడలో సీఎన్‌సీ మెషీన్ల (కంప్యూటర్‌తో నడిచేవి) మీద పార్టులు చేసే ఓనర్‌కి పంపాలి. ముందు వాళ్ల వెబ్‌సైట్ ఫోన్‌లో తెరవండి. కోట్ అడిగే బటన్ నొక్కితే ఉత్త మెయిల్ ఐడీ వచ్చిందా? మీకు వీడియో దొరికినట్టే.

[తెర మీద: ఆ వెబ్‌సైట్. మూలన గుండ్రంగా మాట్లాడే మనిషి ముఖం. కర్సర్ బటన్ మీద ఆగుతుంది.]

"సర్, కోట్ కావాలని ఇది నొక్కితే మెయిల్ ఐడీ వస్తోంది. డ్రాయింగ్ ఎక్కడ పెట్టాలో కస్టమర్‌కి తెలీదు. మెటీరియల్ ఏంటి, ఎన్ని పీసులు అని మీవాళ్లే మళ్లీ ఫోన్ చేసి కనుక్కోవాలి. ఇదంతా ఒకే ఫారంలో వచ్చేలా చేయొచ్చు. ఈ వారం ఒకసారి చూపించనా?"

అంతే, ఆపేయండి. మీ ఫండింగ్ గొడవ ఆయనకెందుకు? తప్పు పట్టినట్టు మాత్రం మాట్లాడకండి. ఆ సైట్ చేసింది ఆయన తమ్ముడి కొడుకే కావచ్చు!

ఓనర్ ఇంటిపేరు చూసి మనవాడే అనిపించినా తెలుగులో దూకేయకండి. ఆయన తెలుగులో జవాబిస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

రికార్డింగ్‌కి పెద్ద హంగులేం అక్కర్లేదు. కిటికీ వెలుగు ముఖం మీద పడాలి, వీపు మీద కాదు. మైక్ నోటికి దగ్గరగా ఉంటే హారన్లు తగ్గుతాయి. రాసుకున్నది చదివితే కళ్లే పట్టించేస్తాయి. మూడు మాటలు స్టిక్కీ నోట్ మీద రాసి కెమెరా పక్కన అంటించుకోండి, చాలు.

[తెర మీద: మెయిల్. వెబ్‌సైట్ బొమ్మ మీద ప్లే గుర్తు.]

ఇక పంపడం. ఫైల్ అటాచ్ చేయకండి. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటితే అది ఎలాగూ డ్రైవ్ లింక్ అయిపోతుంది. లూమ్, విడ్‌యార్డ్ లాంటి వీడియో రికార్డింగ్ టూల్‌లో రికార్డ్ చేసి, ఒక బొమ్మకి లింక్ తగిలించండి. తెల్లబోర్డు మీద పేరు రాసి చెయ్యి ఊపే ఫొటో అందరూ పెడుతున్నారు. నన్నడిగితే ఆయన సొంత వెబ్‌సైట్ బొమ్మే మేలు. కింద రెండు లైన్లలో అసలు విషయం రాయండి. మెషీన్ల మోతలో ఆయనకి మీ గొంతు వినపడకపోవచ్చు.

వాట్సాప్‌లో 2023 నుంచి 60 సెకన్ల గుండ్రటి వీడియో మెసేజ్ ఉంది. కానీ నంబర్ ఇవ్వని మనిషికి అలా పంపితే బ్లాక్ చేస్తాడు. లింక్డ్‌ఇన్‌లో అయితే కనెక్ట్ అయ్యాకే పంపండి.

లిస్టులో ఉన్న అందరికీ చేయాలని కూర్చోకండి. సైట్ చూసి చెప్పడానికి ఏదైనా దొరికినవాళ్లకే వీడియో, మిగతావాళ్లకి మామూలు మెయిల్. ఒకే వీడియోలో పేరు మాత్రం మార్చే ఏఐ టూల్స్ కూడా ఉన్నాయి. పేరు దగ్గర పెదవి ఒకలా, మాట ఒకలా ఉంటే చూసేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

ఆయన వీడియో చూడగానే ఆ రికార్డింగ్ టూల్ నుంచి మీకు నోటిఫికేషన్ వస్తుంది. వెంటనే ఫోన్ చేసి "ఇప్పుడే చూశారు కదా సర్" అనకండి, నిఘా పెట్టినట్టుంటుంది. మర్నాడు చేసి, కోట్ ఫారం సంగతి ఎత్తండి.