‘చెక్’ అనే పేరు ఎక్కడిది?

[తెర మీద: ఇంగ్లిష్ ‘సి’ అక్షరం, దాని నెత్తిన చిన్న గుర్తు]

నమస్కారం. ఈ గుర్తును దగ్గరగా చూడండి. అచ్చం మన తలకట్టులా లేదూ? చెక్ భాషలో దీన్ని ‘హాచెక్’ అంటారు. అంటే చిన్న కొక్కెం. అది తగిలిస్తే ‘త్స’ అని పలికే సి ‘చ’ అవుతుంది. చెక్ ప్రజలు తమ పేరును ఈ అక్షరంతోనే మొదలుపెడతారు. మరి ఇంగ్లిష్‌లో ఆ పేరును ‘Czech’ అని రాస్తారే, సి పక్కన జెడ్ ఎందుకు చేరింది?

[తెర మీద: పోలండ్, చెక్ దేశాల పటం]

అది పోలండ్ రాత. పోలిష్ భాషలో ‘చ’ కోసం సి, జెడ్ కలిపి రాస్తారు. ఇంగ్లిష్ ఆ రాతను అలాగే తీసుకుంది. చెక్ వాళ్లూ ఒకప్పుడు ఇలాగే రాసేవారు. 15వ శతాబ్దం తొలినాళ్లలో, చెక్ మత సంస్కర్త యాన్ హుస్ రాసినదని చెప్పే ఒక చిన్న లాటిన్ పుస్తకం రెండక్షరాలెందుకు, ఒకదాని మీద చుక్క పెడితే చాలంది. ఆ చుక్కే పోనుపోను కొక్కెమైంది. వాళ్లు ఏనాడో వదిలేసిన జెడ్, ఇంగ్లిష్‌లో వాళ్ల పేరులోనే మిగిలిపోయింది!

చెక్ వాళ్లు పలికే ఆ పేరులో చివరి శబ్దమూ ‘క్’ కాదు. ఉర్దూలో ‘ఖబర్’ అన్నప్పుడు గొంతులోంచి వచ్చే మొదటి శబ్దం లాంటిది.

[తెర మీద: చదునైన పొలాల మధ్య ఒంటరిగా ర్జీప్ కొండ]

ప్రాగ్‌కు ఉత్తరాన ఉన్న కొండ ఇది. చెక్ ప్రజల మూలపురుషుడు తన వాళ్లతో దీన్ని ఎక్కి, చుట్టూ సారవంతమైన నేలను చూసి ఇక్కడే ఆగిపోయాడని కథ. 12వ శతాబ్దంలో కాస్మాస్ అనే చరిత్రకారుడు ఈ కథను లాటిన్‌లో రాసినప్పుడు ఆయన పేరు బొహెముస్. 14వ శతాబ్దం మొదట్లో చెక్ పద్యాల్లో వచ్చిన దలిమిల్ చరిత్రలో ఆయనే చెక్. ఒకే మనిషి, భాషకో పేరు! పేరును వివరించడానికే కథ పుట్టిందని నాకు ఇక్కడే నమ్మకం కుదిరింది.

చెక్ దేశపు పశ్చిమ ప్రాంతం పేరు బొహేమియా. అంటే బోయీల ఇల్లు. ఆ కెల్టిక్ తెగ అక్కడ కనుమరుగైన ఎన్నో వందల ఏళ్లకు స్లావులు వచ్చారు. అయినా బయటివాళ్లు వాళ్లను ఆ పాత పేరుతోనే పిలిచారు. వాళ్లు తమకు పెట్టుకున్న పేరు వేరు. ‘చెక్’ మూలం మీద వాదనలున్నాయి. ఇంటివాళ్లను చెప్పే ‘చెలెద్’, మనిషిని చెప్పే ‘చ్లొవ్యెక్’ మాటలకు ఇది చుట్టమన్నది బలమైన అభిప్రాయం. అంటే ‘మనవాడు’ అన్నమాట. ఇంత ఆత్మీయమైన అర్థం ఉండగా కొండ కథ ఎందుకనిపిస్తుంది నాకు.

[తెర మీద: బొహేమియా, మొరావియా, సైలీషియా వేర్వేరు రంగుల్లో]

2016లో ‘చెకియా’ అనే పొట్టి పేరు ఐక్యరాజ్యసమితి జాబితాలో చేరింది. అయితే చెక్ భాషలో ‘చెస్కీ’ అనే విశేషణం దేశమంతటికీ వర్తిస్తుంది, ఒక్క బొహేమియాకూ వర్తిస్తుంది. అందుకే మొరావియా ప్రాంతంలోని బ్ర్నో నగరంలో ఎవరినైనా ‘మీరు చెక్కులా?’ అని అడిగితే, ‘నేను మొరావియా మనిషిని’ అనే జవాబు రావచ్చు.