హాలోవీన్ గుమ్మడికాయ ఇంటిల్లిపాదీ కలిసి చెక్కుదాం రండి

[టేబుల్ మీద పాత పేపర్లు, రెండు పెద్ద గుమ్మడికాయలు]

హాయ్ అండీ, అందరూ బాగున్నారా, మేముండేది ఇల్లినాయిస్‌లో, అమెరికాలో గుమ్మడికాయలు అన్నిటికంటే ఎక్కువ పండించే రాష్ట్రం ఇదే, అక్టోబర్ వచ్చిందంటే ఏ కొట్టు ముందు చూసినా గుట్టలే. ఈసారి మా అమ్మ కూడా తెనాలి నుంచి వచ్చింది కాబట్టి అందరం కలిసి కూర్చుని చెక్కాం, ఎలా చెక్కామో మొదట్నుంచీ చూపిస్తా.

ముందు కాయ. చెక్కడానికి అమ్మే పెద్ద కాయలకి గోడ పల్చగా ఉంటుంది, లోపల నీరూ పీచూ ఎక్కువ, దాంతో దప్పళం పెడితే రుచి రాదు, కూరకైతే చిన్నగా గుండ్రంగా ఉండే షుగర్ పంప్కిన్ వేరే తెచ్చుకోండి. తొడిమ గట్టిగా ఉందా, అడుగున మెత్తబడిందా అన్నది చేత్తో నొక్కి చూడండి, తొడిమ పట్టుకుని మాత్రం ఎత్తొద్దు, విరుగుతుంది. ఇంకోటి, మరీ ముందుగా చెక్కకండి, చెక్కాక మూణ్ణాలుగు రోజులు బాగుంటుంది, వారం దాటితే బూజు పడుతుంది, అక్టోబర్ 31న హాలోవీన్‌కి కావాలంటే 28, 29 అప్పుడు కూర్చుంటే సరిపోతుంది.

మా వైపు నిండు గుమ్మడికాయకి ఆడవాళ్ళు ముందు కత్తి పెట్టరు, మీలో చాలామంది ఇళ్ళల్లో కూడా ఉండే ఉంటుంది ఇది. అమ్మ ఒప్పుకోలేదు, "అల్లుడుగారూ, ముందు మీరు ఒక గాటు పెట్టండి, తర్వాత మేం చూసుకుంటాం" అంది, ఆయన పెట్టారు. నిజానికి ఆ మొదటి కోత పెద్దవాళ్ళు చెయ్యాల్సిందే, తొక్క చాలా గట్టి, వంటింటి చాకు ఇరుక్కుపోయి ఒక్కసారిగా జారుతుంది. పిల్లల కార్వింగ్ కిట్‌లో చిన్న రంపం ఉంటుంది చూడండి, దానికి పళ్ళుంటాయి కాబట్టి ముందుకీ వెనక్కీ నెమ్మదిగా ఆడిస్తే చాలు. మూత పైన కోస్తే కత్తి లోపలికి వాలేలా ఏటవాలుగా కొయ్యండి, నిలువుగా కోస్తే మూత లోపల పడిపోతుంది.

[క్లోజప్: మోచేతి దాకా గుజ్జు అయిన పాప చెయ్యి]

ఇక్కణ్ణుంచి పిల్లల పని. గింజలూ పీచూ చేత్తో లాగెయ్యమనండి, మా పాప మొదట ఛీ అంది, తర్వాత మానమన్నా మానలేదు. కానీ అసలు సంగతి ఆ తర్వాత ఉంది, చాలామంది గింజలు తీసేసి వదిలేస్తారు, అలా కాదు, ముఖం చెక్కే వైపు గోడని గట్టి గరిటెతో గీకి గీకి ఒక అంగుళం మందానికి తేవాలి, అప్పుడే రంపం తేలిగ్గా ఆడుతుంది, వెలుగు బయటికొస్తుంది. అరగంట గీకింది అమ్మ, కొబ్బరి కోరినట్టే.

బొమ్మ పిల్లల్నే గియ్యనివ్వండి, నెట్‌లో ప్రింట్ తీసిందానికన్నా వాళ్ళు గీసిన వంకర ముఖమే బాగుంటుంది, నేనైతే గట్టిగా చెప్తా ఈ మాట. ఆ కాగితాన్ని కాయకి టేపుతో అంటించి, గీత వెంబడి గుండుసూదితో దగ్గరదగ్గరగా పొడవండి, కాగితం తీసి కాస్త గోధుమపిండి రుద్దితే చుక్కలన్నీ తెల్లగా ముగ్గు చుక్కల్లా తేలతాయి, వాటిని కలుపుకుంటూ కొయ్యడమే. చిన్న ముక్కలు ముందు, నోరు ఆఖర్న, ముందే పెద్ద రంధ్రం పెడితే కాయ బలం పోతుంది. చెక్కిన ముఖంలో పన్ను విరిగితే టూత్‌పిక్ గుచ్చి నిలబెట్టెయ్యండి.

ఈ ఆచారం ఐర్లాండ్, స్కాట్లాండ్ నుంచి వచ్చిందండీ, అక్కడ టర్నిప్ దుంపలు తొలిచి దీపం పెట్టేవాళ్ళు, ఐర్లాండ్ మేయో కౌంటీలో ఉన్న మ్యూజియంలో డోనెగల్ అనే ప్రాంతపు దుంప ఒకదాని ప్లాస్టర్ అచ్చు కూడా ఉంది, ఆ ముఖం చూస్తే నిజంగానే భయమేస్తుంది. వలస వచ్చినవాళ్ళకి ఇక్కడ గుమ్మడికాయ దొరికింది, పెద్దది, లోపల తొలవడం ఎంతో తేలిక. దెయ్యాలు దగ్గరికి రాకూడదని పెట్టేవాళ్ళని చెప్తే అమ్మ వెంటనే "మన దిష్టి గుమ్మడికాయే కదే" అంది, కొత్తింటి ముందు బూడిద గుమ్మడికాయ మీద కళ్ళూ కోరమీసాలూ గీసి కట్టడం గుర్తొచ్చి మార్కర్ తీసుకుని పాప గీసిన ముఖానికి మీసాలు పెట్టేసింది.

[క్లోజప్: మీసం మీద తొక్క చెక్కుతున్న చెయ్యి]

మీసాన్ని మొత్తం కోసేస్తే నోరూ ముక్కూ కలిసి ఊడిపోతాయి కదా, అందుకని పైన తొక్క మాత్రం పల్చగా చెక్కాం, లోపలి పసుపు గుజ్జు ఉంచేశాం, లైట్ పెడితే కళ్ళు తెల్లగా మండుతున్నట్టు, మీసం మాత్రం నారింజ రంగులో మెత్తగా వెలుగుతుంది. మైనపు వత్తి కాకుండా బ్యాటరీ లైట్ పెట్టండి, పిల్లల హాలోవీన్ వేషాల బట్టలు గుమ్మం ముందు రెపరెపలాడుతుంటాయి, నిప్పంటుకోవచ్చు. కాయ వాడినట్టు కనిపిస్తే కొన్ని గంటలు చల్లటి నీళ్ళ బకెట్‌లో ముంచితే మళ్ళీ బిగుస్తుంది.

గింజలు పారెయ్యకండి, కడిగి, ఉప్పు నీళ్ళలో పది నిమిషాలు ఉడికించి, తుడిచి, నూనె, కారం పట్టించి 350 ఫారెన్‌హీట్‌లో కరకరలాడేదాకా, మాకు ఇరవై నిమిషాలు పట్టింది. ట్రే బయటికి తీసేసరికి పాప గుమ్మం దగ్గర చీకట్లో లైట్ వేసి అమ్మమ్మని పిలుస్తోంది, అమ్మ గింజలు గుప్పెట్లో పోసుకుని వెళ్ళి మెట్ల మీద దాని పక్కన కూర్చుంది.