విశ్వవిద్యాలయ పట్టణంలో అద్దె ఇళ్లు: వయసు, ఆదాయం

సభకు నమస్కారం.

విశ్వవిద్యాలయమే బతుకుతెరువైన పట్టణంలో ఏ పేటకు ఎవరు చేరుతున్నారో తెలియాలంటే ఆదాయాన్ని వయసుతో కలిపి చదవాలి. విడిగా చదివితే ఆదాయం లెక్క మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. క్యాంపస్ బయట, బంధువులకు దూరంగా ఉంటున్న విద్యార్థుల్లో సగానికి పైగా దారిద్ర్యరేఖకు దిగువన నమోదయ్యారనీ, వారిని మినహాయిస్తే 2009–11 నాటి దేశ పేదరిక రేటు 15.2 శాతం నుంచి 14.5 శాతానికి తగ్గుతుందనీ అమెరికా జనగణన సంస్థ 2013లో చూపింది. హాస్టళ్లలో ఉండేవారు అసలు ఆ లెక్కలోకే రారు. దేశం మొత్తం మీదే అంత తేడా ఉంటే, జనంలో పెద్ద వంతు విద్యార్థులే అయిన చిన్న పట్టణం సంగతి ఊహించవచ్చు.

ఆ విద్యార్థులందరూ పేదలు కారు. అలాగని వారిలో పేదలు లేకపోలేదు. ఒకరి అద్దె తల్లిదండ్రుల జీతంలోంచి వస్తుంది, మరొకరిది చదువు అప్పులోంచి, ఇంకొకరిది రాత్రిపూట చేసే కొలువులోంచి. పట్టికలో ముగ్గురూ ఒకే గడిలో ఉంటారు కానీ, ఇంటి యజమాని వారిని వేరుచేసి చూస్తాడు. హామీదారు సంతకం తెచ్చినవారికి క్యాంపస్ పక్క ఇల్లు దొరుకుతుంది. తేలేనివారు దూరంగా, మరమ్మతులు లేని పాత ఇంట్లో సర్దుకుంటారు.

అసలు ఒత్తిడి పడేది కుటుంబాల మీద. మూడు గదుల ఇంటికి ఒక కుటుంబం ఒకటి రెండు సంపాదనల మీద అద్దె కడుతుంది. అదే ఇంట్లో ముగ్గురు విద్యార్థులు ఎవరి గదికి వారు కడితే మొత్తం సులువుగా దాన్ని మించిపోతుంది. ఒకసారి మంచాల లెక్కన అద్దె రాబట్టడం అలవాటైన యజమాని మళ్లీ కుటుంబం వైపు చూడడు. ఆ విశ్వవిద్యాలయంలోనే గదులు ఊడ్చేవారు, వంటశాలలో పనిచేసేవారు, చంటిపిల్లలున్న చిన్న ఉద్యోగులు ముందుగా ఊరి అంచులకు జరుగుతారు. వారి వెంట పిల్లలూ వెళ్లిపోగా పేటలోని బడి పలచబడుతుంది. సొంతిల్లున్న వృద్ధులు ఆదాయం తక్కువైనా నిలదొక్కుకుంటారు. వారి తరువాత ఆ ఇల్లు కూడా చాలాసార్లు అద్దెలకిచ్చేవారి చేతికే పోతుంది. భూగోళ శాస్త్రవేత్త డారెన్ స్మిత్ 2000ల తొలినాళ్లలో ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరాన్ని పరిశీలించి ఈ మార్పుకు ‘స్టూడెంటిఫికేషన్’ అని పేరు పెట్టారు.

దీన్ని చట్టంతో ఆపాలని చూసినవారున్నారు. న్యూయార్క్ రాష్ట్రంలో స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయానికి దగ్గరలోని బెల్ టెర్ అనే గ్రామం, బంధుత్వం లేనివారు ఇద్దరికి మించి ఒక ఇంట్లో ఉండరాదని నిబంధన పెట్టింది. ఆరుగురు విద్యార్థులు అద్దెకున్న ఇంటిపై వచ్చిన ఆ వివాదంలో 1974లో అమెరికా సుప్రీంకోర్టు గ్రామం పక్షానే తీర్పిచ్చింది. న్యాయమూర్తి థర్గుడ్ మార్షల్ విభేదించారు. నా మనసు మార్షల్ వైపే మొగ్గుతుంది. తలలు లెక్కపెట్టే నిబంధన ఉండాల్సిన ఇళ్లను పెంచదు, ఒత్తిడిని పక్క పేటకు నెడుతుంది. పైగా ఖర్చు పంచుకుని బతికే కూలీలకూ, ఒంటరి వృద్ధులకూ అదే అడ్డుపడుతుంది.

అంతకన్నా ముందు లెక్క సరిచేయాలని నేను కోరుతున్నాను. పేదరిక శాతం చూసి గృహ సహాయం పంచితే క్యాంపస్ చుట్టుపక్కల పేటలే అత్యంత పేదవిగా కనిపిస్తాయి. అక్కడినుంచి ఊరి చివరికి నెట్టబడిన పారిశుద్ధ్య కార్మికురాలి కుటుంబం ఆ పటంలో వెనకబడిపోతుంది. అందుకే విద్యార్థుల ఇళ్లను విడిగా, వాటిలోనూ అద్దె ఎవరి సంపాదన నుంచి వస్తోందో విడదీసి నమోదు చేయాలి.