ఉతికి అమ్మే మద్రాసు గళ్ళ చొక్కా: నా రివ్యూ

అందరికీ చెన్నై నుంచి నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, ఈ చొక్కా కంపెనీ వాళ్ళు ఉచితంగా పంపారు. ధర, రంగులు, సైజుల జోలికి వెళ్ళను. నా గొడవంతా మెడ దగ్గరి లేబుల్‌ మీదున్న ‘ప్రీవాష్డ్’ గురించే.

అంటే అమ్మకానికి ముందే ఉతికారని. మగ్గం మీద నూలును బిగువుగా లాగి నేస్తారు. నీళ్ళు తగిలితే ఆ బిగువు సడలి బట్ట కుదించుకుపోతుంది. ఆ కుదింపేదో ఫ్యాక్టరీలోనే అయిపోతుంది, గంజి, అదనపు రంగు కూడా చాలావరకు అక్కడే వదులుతాయి. కొన్ని లేబుళ్ళ మీద కనిపించే ‘శాన్‌ఫరైజ్డ్’ వేరు. అది 1930లో శాన్‌ఫర్డ్ క్లూయెట్ పేటెంట్ పొందిన పద్ధతి, బట్టను యంత్రంతోనే కుదిస్తారు.

సరే, ఉతికారు. ఎప్పుడు? థానుగా ఉన్నప్పుడా, చొక్కా కుట్టాకా? లేబుల్ చెప్పదు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే! కుట్టాక ఉతికితే బట్ట పొరలు, కుట్టు దారం అన్నీ ఒకేలా కుదించుకోవు. అందుకే కుట్టు పొడవునా చిన్న చిన్న ముడతలు తేలతాయి. ఈ చొక్కా బొత్తాల పట్టీ చూడండి, కెమెరా దగ్గరకు తెస్తున్నాను. కనిపించాయా? కుట్టాకే ఉతికారు. నాకైతే ఈ ముడతలు ఇష్టమే, ఇస్త్రీ బాధ తగ్గుతుంది. ఆఫీసుకు నున్నగా కనిపించాలంటే మీకు నచ్చదు.

ఇంతకుముందు టి.నగర్‌లో ఉతకని చొక్కా ఒకటి కొన్నాను. మొదటి ఉతుకుకే చేతులు మణికట్టు పైకెక్కాయి. కాలర్ లోపలి గట్టి బట్ట అలాగే ఉండి పైబట్ట కుంచించుకుపోవడంతో కాలర్ అప్పడంలా ఉబ్బింది. దీని కాలర్ చదునుగానే ఉంది.

రంగు? 1960లలో అమెరికాలో మద్రాసు గళ్ళ బట్ట రంగు దిగడాన్నే గొప్పగా ప్రచారం చేసి అమ్మారు. ఆ మాట మా అమ్మ దగ్గర అనకండి! నాన్నగారి తెల్ల పంచెలను నీలం చేసిన గళ్ళ లుంగీని ఆవిడ ఇంకా క్షమించలేదు. ఈ చొక్కా నానబెడితే నీళ్ళు కొంచెమే రంగెక్కాయి. అయినా మొదటిసారి విడిగానే ఉతకండి, అదీ వేసుకునే ముందే.

బొత్తాలు నాసిరకం, ఒకటి అప్పుడే ఊగుతోంది. అయినా నాకు నచ్చింది, డబ్బు పెట్టి ఇంకొకటి కొంటాను. కుదించుకుంటుందేమో అని ఒక సైజు పెద్దది తీసుకోకండి, వదులుగా వేలాడుతుంది.