పొద్దున్న ఏడింటికి చేపల సూపు

సుధ: అందరికీ నమస్కారం. ఈ వారం మా బాబాయ్‌ని పట్టుకొచ్చాను. రొయ్యల హేచరీ పని మీద ఈక్వడార్ వెళ్ళొచ్చారు. భీమవరంలో ఆ దేశం పేరు తెలియనివాళ్ళుండరు కదా బాబాయ్?

బాబాయ్: ఉండరమ్మా. రొయ్యల ఎగుమతిలో మనకి పోటీ వాళ్ళే, అందుకే రేటు పడిందంటే ముందు తిట్టేది వాళ్ళనే. మన చెరువుల్లో వేసే వనామీ రకం రొయ్య పుట్టింది కూడా ఆ పసిఫిక్ తీరంలోనే. సర్లే, నువ్వడిగింది సూపు గురించి కదా.

సుధ: ఎన్సెబొయాదో. సరిగ్గానే పలికానా?

బాబాయ్: వాళ్ళకి అర్థమవుతుందిలే. వాళ్ళ స్పానిష్‌లో సెబోయా అంటే ఉల్లిపాయ. చేపల సూపు, కానీ పేరు మాత్రం ఉల్లిపాయది! నేను వాళ్ళ రేవు పట్నం గ్వయాకిల్‌లో దిగిన మర్నాడు పొద్దున్న ఏడింటికే తీసుకెళ్ళారు. చిన్న కొట్టు, నాలుగు ప్లాస్టిక్ బల్లలు. ఇలాంటివాటిని అక్కడ వేకా అంటారు.

సుధ: టిఫిన్‌కి చేపలా?

బాబాయ్: నేనూ అదే అన్నాను. ఉల్లి, టమాటా, జీలకర్ర వేయించి నీళ్ళు పోసి, ట్యూనా ముక్కలు ఉడికిస్తారు. వైజాగ్ వైపు సూర అంటారే, ఆ జాతి. ఉడికాక చేప తీసేసి అదే నీళ్ళలో కర్రపెండలం వేస్తారు.

సుధ: పెద్దాపురం వైపు సగ్గుబియ్యానికి పండిస్తారు, అదేనా?

బాబాయ్: అదే. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాయే. ఇంక ఉల్లిపాయ సంగతి విను. సన్నగా చీరి, ఉప్పేసి పిసికి కడుగుతారు, ఘాటు పోవడానికి. తర్వాత నిమ్మరసం, కొత్తిమీర. చూస్తుండగానే గులాబీ రంగు తిరుగుతుంది. కొట్టామె గిన్నెలో దుంప ముక్కలు వేసింది, పైన చేప చిదిమింది, సలసల కాగే సూపు పోసింది. ఆఖర్న ఆ ఉల్లిపాయ గుప్పెడు పెట్టింది. కింద నోరు కాలేంత వేడి, పైన పుల్లగా కరకర.

సుధ: అయినా పొద్దున్నే ఎందుకు?

బాబాయ్: రాత్రి తాగింది దిగక తల పట్టేస్తుంది చూడు, దాన్ని చుచాకి అంటారు. అక్కడి ఆదివాసుల భాష కిచ్వాలోంచి వచ్చిన మాట. దానికి ఇదే మందని వాళ్ళ గట్టి నమ్మకం. ఆదివారం పొద్దున కొట్లో సగం మొహాలు అవే! మందు ముట్టనివాళ్ళూ తింటారనుకో. మధ్యాహ్నానికల్లా గిన్నె ఖాళీ.

సుధ: నంజుకోడానికి?

బాబాయ్: అబ్బో, అక్కడే గొడవంతా. గ్వయాకిల్ వాళ్ళు అరటికాయ చిప్సో, బ్రెడ్డో అంటారు. కొండమీద ఉన్న రాజధాని కీటోలో వేయించిన మొక్కజొన్న, పాప్‌కార్న్ కూడా వేసుకుంటారు. నా ఓటు చిప్స్‌కే. సూపులో మెత్తబడకముందే తినెయ్యాలి, అదొక్కటే నియమం.

సుధ: ఇంటికొచ్చాక చేశారా మరి?

బాబాయ్: చేశాను, వంజరంతో. నేను ఫోన్ మాట్లాడి వచ్చేలోపు మీ పిన్ని పచ్చి ఉల్లిపాయలేంటని మొత్తం గిన్నెలో వేసి ఉడికించేసింది. చింతపండొక్కటే తక్కువ.

సుధ: పారబోశారా?

బాబాయ్: ఎందుకు పారబోస్తాం? అన్నంలో పోసుకుని తిన్నాం.