నీళ్లే తీసి, నీళ్లే వేసే తలుపు: గోవా ఖజాన్ పొలాల కథ

గోవా వెళ్లిన మనవాళ్లు ఎవరైనా పనాజీ నుంచి ఓల్డ్ గోవా చర్చిల వైపు వెళ్లే ఉంటారు. 1630ల్లో పోర్చుగీసువాళ్లు కట్టిన పొడవాటి రాతి దారి అది. ఎడమ పక్క మాండోవి నది. కుడి పక్క నీళ్లు నిలిచిన మళ్లు, ఉప్పు మడులు, మధ్యలో మడ చెట్లు, కొంగలు. ఆ దారిలో కారు వెళ్తుండగా మా బాబాయి అన్న మాట ఇది: "ఇంత స్థలం ఇలా బురదలో వదిలేశారేంట్రా? పూడ్చి ప్లాట్లు వేస్తే కోట్లు వస్తాయి."

ఈ మాట ఆయన ఒక్కడే అనుంటే నేను ఈ వీడియో చేసేవాణ్ని కాదు. గోవా చూసొచ్చిన ప్రతి పదిమందిలో ఒకరి నోట ఇదే వింటున్నాను. విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఎందుకంటే అది బీడు కాదు, ఎవరూ వదిలేసిన నేలా కాదు. నది కింద ఉండాల్సిన నేలను మనుషులు చేత్తో బయటికి తీసి, వందల ఏళ్లుగా రోజూ కాపాడుకుంటున్న పొలం. దాన్ని ఖజాన్ అంటారు.

(దృశ్యం: పోటు సమయంలో నది, గట్టు, గట్టుకు అవతల పల్లంలో పచ్చటి వరి)

ఈ బొమ్మను ఒక్క క్షణం ఆగి చూడండి. నది నీళ్లు పైన ఉన్నాయి, వరి కింద ఉంది. మధ్యలో ఉన్నది ఒక మట్టి గట్టు మాత్రమే. గోవాలో ఇలాంటి నేల సుమారు 18 వేల హెక్టార్లు ఉంది. మొత్తం రాష్ట్రమే 3,702 చదరపు కిలోమీటర్లు. అంటే దాదాపు ఇరవయ్యో వంతు.

మాండోవి, జువారి నదుల్లో ఎండాకాలం సముద్రపు పోటు 40 కిలోమీటర్లకు పైగా లోపలికి వస్తుంది. ఉప్పునీరు రోజుకు రెండుసార్లు ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది. వర్షాకాలంలో పొలంలో పడ్డ వాన బయటికి పోవాలి, నదిలో ఉప్పు లోపలికి రాకూడదు. గట్టు పూర్తిగా మూసేస్తే వాన నీట్లో వరి మునుగుతుంది. తెరిచి పెడితే ఉప్పుకు చస్తుంది. మరి ఏం చేశారు?

గట్టులో ఒక తలుపు పెట్టారు. కొంకణిలో దాని పేరు మానస్. నాకు ఈ ప్రపంచంలో బాగా నచ్చిన వస్తువుల్లో ఇదొకటి.

పెళ్లింటి వీధి తలుపును ఊహించుకోండి. రెండు రెక్కల చెక్క తలుపు. అది వీధి వైపుకే తెరుచుకుంటుంది, లోపలికి తెరుచుకోదు. వీధిలో ఊరేగింపు జనం వచ్చి ఎంత తోస్తే, రెక్కలు ద్వారబంధానికి అంత గట్టిగా బిగుసుకుంటాయి. వీధి ఖాళీ అయి, లోపల భోజనాలైన జనం తోస్తే తలుపు తనంతట తానే తెరుచుకుంటుంది. గొళ్లెం అక్కర్లేదు. ఇక్కడ వీధి అంటే నది, ఇల్లు అంటే పొలం. పోటు వచ్చి నది మట్టం పెరగగానే ఆ నీటి బరువే తలుపు మూసేస్తుంది. పాటు వచ్చి నది దిగగానే లోపలున్న వాన నీరే తోసుకుని బయటికి పోతుంది. మోటారు లేదు, కరెంటు లేదు. అర్ధరాత్రి లేచి తిప్పాల్సిన చక్రమూ లేదు. చందమామే దీనికి ఆపరేటరు!

జూన్‌లో మొదటి భారీ వానలు నేలలోని ఉప్పును కడిగేస్తాయి. ఆ ఉప్పు కూడా ఈ తలుపులోంచే నదిలోకి పోతుంది. తర్వాత కోర్గుట్ అనే దేశవాళీ వరి వేస్తారు. మన చవుడు నేలల్లో మామూలు వరి ఎర్రబడి చచ్చే చోట, ఇలాంటి వరి కొంత ఉప్పును తట్టుకుని నిలబడుతుంది. దిగుబడి తక్కువే. కానీ అక్కడ ఇంకేదీ పండదు కదా!

కోత అయ్యాక కథ మారుతుంది. ఇప్పుడు మనుషులే కావాలని కొంత పోటు నీటిని లోపలి కాలువల్లోకి రానిస్తారు. ఆ నీటితో పాటు చేప పిల్లలు, రొయ్య పిల్లలు వస్తాయి. పెళ్లింట్లోకి పిలవకుండానే దూరే పిల్లల్లాగా. లోపల తిని పెరుగుతాయి. పాటు సమయంలో తలుపు తెరుచుకున్నప్పుడు దాని నోటికే వల కడతారు. బయటికి వెళ్లాలంటే దారి అదొక్కటే. అందుకే ఆ తలుపు దగ్గర చేపలు పట్టుకునే హక్కును ఏటా వేలం వేస్తారు. అదే నేల, ఒక కాలంలో బియ్యం, ఇంకో కాలంలో చేప. కొన్నిచోట్ల ఉప్పు కూడా. గోవాలో రోజూ ఇంట్లో తినే 'శీత్ కడీ', అంటే అన్నం, చేపల కూర, రెండూ ఒకే తలుపు దగ్గర దొరుకుతాయన్నమాట.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చేస్తాను. "ఇదంతా పోర్చుగీసువాళ్లు కట్టిందే కదా" అంటారు. కాదు. వాళ్లు వచ్చింది 1510లో. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే అక్కడి రాగిరేకుల్లో 'ఖజ్జన' అనే మాట ఉంది. ఊరి గాంవ్‌కర్లు, అంటే ఆ ఊళ్లో మొదట స్థిరపడ్డ కుటుంబాలవాళ్లు, అందరూ కలిసి భూమిని ఉమ్మడిగా ఉంచుకుని, గట్లు వేసి, కాపాడుకున్నారు. 1526లో పోర్చుగీసువాళ్లు చేసిందల్లా ఆ ఊరి కట్టుబాట్లను కాగితం మీద రాయించడం. తర్వాత ఆ ఉమ్మడి వ్యవస్థకే కొమునిదాద్ అనే పేరు స్థిరపడింది. పని ఊరివాళ్లది, పేరు పాలకులది.

గట్టు అంటే కాంక్రీటు కాదు. బురద మట్టి, గడ్డి, వెదురు, అలలు తగిలే చోట ఎర్రటి లాటరైట్ రాయి. నది వైపు మడ చెట్లు ఉంటే అవి అల దెబ్బను ముందుగా కాస్తాయి. పీతలు గట్టుకు కన్నాలు పెడతాయి. ఈ రోజు వేలంత కన్నం, పట్టించుకోకపోతే పెద్ద పోటు నాడు గండి. అందుకే గట్టు మీద రోజూ ఎవరో ఒకరు నడవాలి.

ఆ నడిచే మనిషి ఎవరు? అసలు ఇబ్బంది ఇక్కడే మొదలైంది.

మళ్లీ మన పెళ్లింటికి వద్దాం. ఉమ్మడి కుటుంబం ఉన్నప్పుడు వీధి తలుపు చెడితే పెద్దాయన ఉమ్మడి డబ్బుతో బాగుచేయిస్తాడు. పంపకాలయ్యాక ఎవరి గది వాళ్లది. మరి వీధి తలుపు ఎవరిది? 1961లో గోవా విముక్తి తర్వాత, 1964లో కౌలు చట్టం వచ్చింది. 1976 సవరణతో కౌలుదార్లే భూమికి యజమానులయ్యారు. దున్నేవాడికి భూమి రావడం న్యాయమే, నేను దాన్ని పూర్తిగా సమర్థిస్తాను. కానీ గట్టు, తలుపు కొమునిదాద్ చేతుల్లోంచి కౌలుదార్ల సంఘాల చేతుల్లోకి వెళ్లాయి. చాలా ఊళ్లలో ఆ సంఘాలు బలంగా లేవు. పిల్లలు ఉద్యోగాలకు వెళ్లిపోయారు. వరి వేసేవాళ్లే తగ్గిపోయారు.

అప్పుడు ఇంకొకటి జరిగింది. చేపల వేలం పాడుకున్న మనిషికి తలుపు తెరిచి ఉంటేనే లాభం. ఎంత ఉప్పునీరు వస్తే అన్ని చేపలు. దాంతో కొన్నిచోట్ల వీధి తలుపుకు ఇటుక అడ్డం పెట్టినట్టు, మానస్‌ను మూసుకోనివ్వకుండా చేశారు. ఒక్కడి ఆదాయానికి అందరి పొలాలూ ఉప్పుతేలాయి. ఉప్పునీరు నిలిచిన పొలంలో మడ చెట్లు మొలుస్తాయి. మొలిచాక వాటికి చట్టం రక్షణ ఉంది, రైతు నరకలేడు. గట్టు బయట కాపలా కాయాల్సిన చెట్టు నట్టింట్లో మొలిచినట్టు. రోడ్డు మీది నుంచి మనకు కనిపించేది చాలాచోట్ల ఇదే. అడవీ కాదు, బీడూ కాదు, గండి పడ్డ పొలం.

టైమ్ అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్తాను. గనులు జోరుగా సాగిన రోజుల్లో ఇనుప ఖనిజం మోసే బార్జీలు, అంటే పెద్ద సరుకు పడవలు, ఈ నదుల్లోనే తిరిగేవి. వాటి అలలు గట్లను కోసేశాయి. ఏ వర్షాకాలంలో గోవా పత్రిక తెరిచినా ఏదో ఒక ఊళ్లో గట్టు తెగిందన్న వార్త కనిపిస్తుంది, ఇప్పటికైనా అదేమిటో మీకు అర్థమవుతుంది. 2011 తీరప్రాంత నిబంధనల్లో ఖజాన్ నేలల్లో నిర్మాణాలు కూడదని గోవాకు ప్రత్యేకంగా రాశారు. అందుకే బాబాయ్, ప్లాట్లు వేయడం కుదరదు. పూడిస్తే ఆ వాన నీరు పక్క ఊరి ఇళ్లలోకి వెళ్తుంది, అది వేరే సంగతి. మన కోనసీమలో మురుగు కాలువల గుండా ఉప్పునీరు ఎగదన్నడం, రొయ్యల చెరువుల పక్కన వరి రైతు గొడవ... అవి తెలిసినవాళ్లకు ఇదంతా కొత్తగా అనిపించదు. దాని మీద విడిగా ఇంకో వీడియో చేస్తాను.

ఈసారి గోవా వెళ్తే ఒక పూట బీచ్ మానేయండి. పనాజీ పక్కనే ఉన్న రిబందర్‌లో ఫెర్రీ ఎక్కి దివార్ దీవికి వెళ్లండి. పాటు సమయం చూసుకుని వెళ్లి, గట్టు మీద నడిచే దారి ఎటు ఉందో ఊరివాళ్లను అడగండి. తలుపు దగ్గర నీళ్లు నది వైపుకు చప్పుడు చేస్తూ పోతుంటే అది పనిచేస్తోంది. పోటు మొదలయ్యాక ఇంకో గంట అక్కడే ఉండండి. రెక్కలు వణికి, మెల్లగా దగ్గరికొచ్చి, ఒక్కసారిగా మూసుకుంటాయి. ఆ చప్పుడు రికార్డు చేసి నాకు పంపండి.